మొదటి వారంలో జరగాల్సిన ప్లేస్‌మెంట్

ప్లేస్‌మెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది ఒకటే. ఫైనలియర్, ఇస్త్రీ చేసిన ఫార్మల్ షర్టు, సెమినార్ హాల్లో కంపెనీ వాళ్ల ప్రెజెంటేషన్, ఆన్‌లైన్ టెస్ట్, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో లిస్టు. అందులో మన పేరు ఉందా, లేదా. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. హైస్కూలు అయ్యాక తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువుకునే కాలేజీలవి. అక్కడ ప్లేస్‌మెంట్ టెస్ట్ అంటే ఉద్యోగం కోసం రాసేది కాదు, కాలేజీలో చేరేటప్పుడు రాసేది. మీకు లెక్కలు ఎంతవరకు వచ్చు, ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చు అని చూసి, ఏ మెట్టు మీద నుంచి చదువు మొదలుపెట్టాలో తేల్చే పరీక్ష.

మన డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ మొదటి రకం ప్లేస్‌మెంట్ అంటూ ఒకటి లేదు. అది లేకపోవడం వల్లే రెండో రకం ప్లేస్‌మెంట్‌లో చాలామంది దెబ్బతింటున్నారని నాకనిపిస్తుంది. ఇప్పుడు ఫస్టియర్, సెకండియర్‌లో ఉన్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఫైనలియర్ వాళ్లకు కూడా పనికొచ్చేది ఉంది.

'ఎందుకు లేదు? ఈఏపీసెట్ రాశాం కదా' అంటారేమో. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. దాన్నుంచి వచ్చేది ఒక ర్యాంకు. ఆ ర్యాంకు మీకు ఏ కాలేజీ, ఏ బ్రాంచి అనేది చెబుతుంది. మీకు ఇంటిగ్రేషన్ వచ్చా, లాగరిథమ్స్ దగ్గర తడబడతారా, ఇంగ్లిష్ పేజీ ఒకటి చదివి అర్థం చేసుకోగలరా అన్నది చెప్పదు. ఆప్షన్లు ఒక్కొక్కటీ కొట్టేస్తూ జవాబు పట్టుకోవడం ఒక విద్య. ఆప్షన్లు లేకుండా తెల్ల కాగితం మీద లెక్క మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్లడం ఇంకో విద్య. ఎం-1 పేపర్ అడిగేది రెండోది. డిగ్రీ అడ్మిషన్లయితే ఇంటర్ మార్కుల మీదే నడుస్తాయి. అక్కడా అంతే. మార్కులు సీటిస్తాయి తప్ప, లోపల ఎక్కడ ఖాళీ ఉందో ఎవరూ చూడరు.

మాది వేటపాలెం. మగ్గాల ఊరు, జీడిపప్పు ఊరు. ఇక్కడి నుంచి కాలేజీకి వెళ్లే పిల్లల్ని చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరు గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండి, పొద్దున అయిదింటికి స్టడీ అవర్‌తో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు. ఇంకొకరు దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియంలో చదివి, సాయంత్రం ఇంటికొచ్చి కండెలు చుట్టినవాళ్లు. మూడో వాళ్లు టెన్త్ తర్వాత పాలిటెక్నిక్‌కి వెళ్లి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లోకి దిగినవాళ్లు. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సార్ బోర్డు మీద ఒకే లెక్క వేస్తారు. మొదటివాడికి అది రివిజన్. రెండో అమ్మాయికి లెక్క అర్థమవుతుంది కానీ సార్ మాట్లాడే ఇంగ్లిష్ అందదు. మూడోవాడికి బోర్డు మీద గుర్తులే కొత్త. మొదటి మిడ్‌లో మార్కులు వచ్చాక స్టాఫ్ రూమ్‌లో వినపడేది మాత్రం ఒకటే మాట: 'వీళ్లకి సీరియస్‌నెస్ లేదు.'

తెలుగు మీడియం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోనే నడవాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఉద్యోగాల కోణంలో ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ మీడియం మార్చడం ఒక్క జీవోతో అయ్యే పని. పన్నెండేళ్లు తెలుగులో ఆలోచించిన బుర్రను ఇంగ్లిష్‌కి అలవాటు చేయడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు టైమ్‌టేబుల్‌లో ఎక్కడున్నాయి?

లేటరల్ ఎంట్రీ వాళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే మన వైపు ఆ దారిన వచ్చేవాళ్లు ఎక్కువ, వాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ. టెన్త్ తర్వాత మూడేళ్ల డిప్లొమా చేస్తే ఉద్యోగం త్వరగా వస్తుందని, లేదంటే ఈసెట్ ఉండనే ఉందని ఇంట్లో పంపిస్తారు. మంచి దారే. ఈసెట్‌లో 200 మార్కులకు లెక్కలు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25, మిగతా వంద సొంత బ్రాంచి. సీటొస్తే నేరుగా సెకండియర్. అంటే బీటెక్ ఫస్టియర్‌లో చెప్పే లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మిగతా క్లాసు అంతా ఏడాదిపాటు నలిపిన తర్వాత వీళ్లు వస్తారు. డిప్లొమాలో లాప్లాస్, ఫోరియర్ చెప్పలేదా అంటే చెప్పారు. కానీ ఎక్కువగా ఫార్ములా పట్టిక చూసి జవాబు రాసే స్థాయిలో. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ క్లాసులో ఆ ఫోరియర్ ఎందుకొచ్చింది, ఏం చేస్తోంది అని అడిగితే నోట మాట రాదు.

నాతో చదివిన ఒకతను ఇలాగే వచ్చాడు. వాళ్ల నాన్న నేత పని. ల్యాబ్‌లో అతను సోల్డరింగ్ చేస్తుంటే మేం గుడ్లప్పగించి చూసేవాళ్లం. పనిచేయని సర్క్యూట్ ఇస్తే పది నిమిషాల్లో ఎక్కడ తెగిందో చెప్పేవాడు. మేం రెగ్యులర్ వాళ్లం ఫస్టియర్ అంతా చదివి కూడా మల్టీమీటర్ సరిగ్గా పట్టుకోవడం రాని బాపతు. కానీ సెకండియర్ మొదటి సెమిస్టర్‌లో అతనికి రెండు సబ్జెక్టులు పోయాయి, రెండూ లెక్కలతో ముడిపడ్డవే. థర్డియర్ వచ్చేసరికి అవి నాలుగయ్యాయి. ఆఖరికి అన్నీ పాసయ్యాడు. అయితే క్యాంపస్‌కి కంపెనీలు వచ్చిన నెలలో అతని పేరు మీద ఇంకా ఒక బ్యాక్‌లాగ్ ఉంది. అంతే, రూమ్ బయటే ఆగిపోయాడు. అతనికి కావాల్సిందల్లా సెకండియర్ మొదట్లో ఆరు వారాలపాటు రోజుకో గంట. మా కాలేజీలో దాని ఊసే లేదు. పక్క కాలేజీల్లో ఉందని కూడా నేను వినలేదు.

బ్యాక్‌లాగ్ అంటే కాలేజీలో నవ్వులాటగా తీసుకుంటాం, 'అన్నకు ఎన్ని?' అని. రిక్రూటర్ల దగ్గర అది నవ్వులాట కాదు. చాలా కంపెనీల నోటిఫికేషన్లో టెన్త్, ఇంటర్ లేదా డిప్లొమా, బీటెక్ అన్నింటిలోనూ 60 శాతం, పెండింగ్ బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు అనో, ఒకటికి మించకూడదు అనో ఉంటుంది. ఆ వడపోత చేసేది మనిషి కాదు, ఫారం. మీరు ఎంత బాగా కోడ్ రాస్తారో అది చూడదు. అంటే ఫస్టియర్‌లో పోయిన ఎం-1 నాలుగో ఏడాది ఉద్యోగం దగ్గరకొచ్చి తలుపు వేస్తోంది.

ఇంకో విచిత్రం చూడండి. థర్డియర్ చివర్లోనో ఫైనలియర్‌లోనో కాలేజీలు సీఆర్‌టీ అని పెడతాయి. క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్. బయటి నుంచి ట్రైనర్లు వస్తారు, దానికి వేరే ఫీజు తీసుకునే కాలేజీలూ ఉన్నాయి. అందులో ఏం చెబుతారు? శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలము-పని, కాలము-దూరము. ఇంగ్లిష్‌లో టెన్సులు, ప్రిపొజిషన్లు, ఒక పేరా చదివి జవాబులు. ఇవన్నీ ఏడు నుంచి పదో తరగతి పాఠాలు. అంటే మన కాలేజీలు రెమిడియల్ క్లాసులు నడపడం లేదని కాదు. నడుపుతున్నాయి, మూడేళ్లు ఆలస్యంగా, మంచి పేరు పెట్టి! అదే డబ్బు, అదే గంటలు ఫస్టియర్ మొదట్లో పెడితే ఆ నాలుగేళ్లలో మిగతా సబ్జెక్టులు కూడా తలకెక్కేవి. కానీ ఫస్టియర్ పిల్లవాడి లెక్కలు బాగుపడితే అది ఏ బ్రోషర్‌లోనూ కనపడదు. ఫైనలియర్‌లో ఎన్ని ఆఫర్లు వచ్చాయన్నది బస్టాండ్ హోర్డింగ్ మీద కనపడుతుంది.

అమెరికా వాళ్లు ఏం చేసి ఏం నేర్చుకున్నారు

ఇలా రాస్తే 'అయితే చేరగానే టెస్ట్ పెట్టి, తక్కువ వచ్చినవాళ్లని వేరే సెక్షన్‌లో వేస్తే సరి' అని కొందరు ప్రిన్సిపాళ్లు వెంటనే అనేస్తారు. అది ఇంకా పెద్ద ప్రమాదం. అమెరికా ఆ దారిలో చాలా ఏళ్లు నడిచి, తప్పని తెలుసుకుని వెనక్కి వచ్చింది.

అక్కడ కంపాస్, అక్యూప్లేసర్ అని కంప్యూటర్ టెస్టులు ఉండేవి. విద్యార్థి వచ్చి ఒక పూట కూర్చుని రాస్తే, అతని లెక్కల స్థాయి తేలిపోయేది. తక్కువ వస్తే అసలు కాలేజీ కోర్సులోకి రానివ్వరు. ముందు అంకగణితం, తర్వాత ప్రాథమిక ఆల్జీబ్రా, తర్వాత ఇంకో ఆల్జీబ్రా, అలా రెండు మూడు సెమిస్టర్లు. వాటికి ఫీజు కట్టాలి, డిగ్రీకి అవసరమైన క్రెడిట్లు మాత్రం రావు. ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది తప్పడం, పాసైనవాళ్లలో కూడా కొంతమంది తర్వాతి మెట్టుకు రాకుండా ఉద్యోగంలోనో ఇంటి పనుల్లోనో పడిపోవడం. చివరికి అసలు కోర్సు గడప తొక్కేవాళ్లు కొద్దిమందే మిగిలేవారు.

కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో కమ్యూనిటీ కాలేజీల మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. అక్కడి జుడిత్ స్కాట్-క్లేటన్, ఆమె సహ పరిశోధకులు ఈ టెస్టుల్ని లెక్కగట్టి చూశారు. లెక్కల్లో సుమారు నలుగురిలో ఒకరిని, ఇంగ్లిష్‌లో సుమారు ముగ్గురిలో ఒకరిని టెస్ట్ బాగా తప్పు చోట కూర్చోబెట్టిందని తేలింది. హైస్కూలు నాలుగేళ్ల మార్కులు చూసుకున్నా ఒక పూట టెస్ట్ కంటే మెరుగ్గా అంచనా వేయొచ్చని కూడా చెప్పారు. కంపాస్ టెస్టును దాన్ని తయారుచేసిన ఏసీటీ సంస్థే 2016లో ఆపేసింది.

నాకు బాగా నచ్చింది న్యూయార్క్ ప్రయోగం. అక్కడి సిటీ యూనివర్సిటీకి చెందిన మూడు కమ్యూనిటీ కాలేజీల్లో 2013లో 907 మంది విద్యార్థుల్ని తీసుకున్నారు. అందరూ ప్రాథమిక ఆల్జీబ్రా రెమిడియల్ చదవాలని తేలినవాళ్లే. వాళ్లను చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు మామూలు రెమిడియల్ ఆల్జీబ్రా. రెండో గుంపుకు అదే ఆల్జీబ్రాతో పాటు వారానికో వర్క్‌షాప్. మూడో గుంపును నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, పక్కన వారానికో వర్క్‌షాప్ ఇచ్చారు. మొదటి గుంపులో పాసైనవాళ్లు 39 శాతం. రెండో గుంపులో 45 శాతం. మూడో గుంపులో 56 శాతం. 'వీళ్లకు ఇంకా అర్హత లేదు' అని పక్కన పెట్టినవాళ్లే, పై కోర్సులో సాయంతో కూర్చోబెడితే ఎక్కువమంది గట్టెక్కారు.

2015లో టెనెసీ రాష్ట్రం తన కమ్యూనిటీ కాలేజీలన్నింటిలో ఈ పద్ధతికి మారింది. అసలు కోర్సూ, దానికి సాయంగా నడిచే క్లాసూ ఒకే సెమిస్టర్‌లో. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం చేసింది. విద్యార్థి హైస్కూలు మార్కులే ప్రధానంగా చూడాలి, ఏడాదిలోపు అసలు కోర్సు పూర్తిచేసే అవకాశం ఎక్కువగా ఉండే చోటే అతన్ని పెట్టాలి అని. అక్కడా గొడవలు ఆగలేదు. అసలు కోర్సు పూర్తిచేసేవాళ్లు పెరిగారు, దాంతో పాటు మొదటిసారి తప్పేవాళ్లూ పెరిగారు. పక్కన సాయం గట్టిగా లేకుండా ఊరికే పై క్లాసులో కూర్చోబెడితే సరిపోదని అధ్యాపకులు అంటున్నారు. వాళ్ల మాటలో నిజముంది. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా అదే కదా. అందర్నీ పై క్లాసులో కూర్చోబెట్టేశాం, పక్కన సాయం పెట్టలేదు.

వాళ్ల జబ్బు ఆపేయడం, మన జబ్బు వదిలేయడం. మందు మాత్రం రెండింటికీ దగ్గర దగ్గరగా ఒకటే.

మన దగ్గర ఏం లేదనుకోకండి

ట్రిపుల్ ఐటీ అని మనం పిలుచుకునే ఆర్‌జీయూకేటీ 2008లో మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర. తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం కూడా చేరాయి. టెన్త్ మార్కులతో సీటు, ఆరేళ్ల కోర్సు. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అదనంగా 0.4 పాయింట్లు కలిపే పద్ధతి పెట్టారు. మొదటి రెండేళ్లు పీయూసీ, ఆ తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగ్. అక్కడ చదివినవాళ్లను అడగండి, ఆ పీయూసీ ఏం చేస్తుందో చెబుతారు. ఊరి జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివిన అమ్మాయిని ఇంగ్లిష్‌కి, ల్యాప్‌టాప్‌కి, క్యాంపస్ జీవితానికి అలవాటు చేశాకే బీటెక్‌లోకి పంపుతుంది. ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డి గారు గతంలో దానికి ఛాన్సలర్‌గా పనిచేసింది ఊరికే కాదు. పల్లెటూరి పిల్లలకు టైమ్ ఇస్తే ఇంజినీరింగ్ చదవగలరు అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. కాకపోతే వాళ్లు టెన్త్‌లో ముందు వరసలో ఉన్నవాళ్లు. ఆ వరసలో లేని మిగతా పిల్లలు వచ్చేది మీ కాలేజీకి, మా కాలేజీకి.

ఐఐటీల్లో కూడా ప్రిపరేటరీ కోర్సు ఉంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు కేటాయించిన సీట్లు మిగిలినప్పుడు, కటాఫ్‌ను మరికొంత తగ్గించి కొంతమందిని ఏడాదిపాటు లెక్కలు, సైన్సు చదివించి, పాసైతే మరుసటి ఏడాది బీటెక్‌లో చేర్చుకుంటారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థుల రెమిడియల్ కోచింగ్‌కు యూజీసీ పదకొండో ప్రణాళిక కాలంలో కాలేజీలకు డబ్బులిచ్చింది. అంటే ఆలోచన కొత్తది కాదు. ఐఐటీకి ఏడాది అవసరమైతే, జిల్లా కాలేజీకి కనీసం ఆరు వారాలు అవసరం లేదా?

ప్రథమ్ సంస్థ బడుల్లో చేసే పని కూడా ఇదే కోవలోది. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని క్లాసును బట్టి కాకుండా ఏ స్థాయిలో చదవగలరో చూసి, రోజులో గంటో రెండు గంటలో గుంపులుగా కూర్చోబెడతారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం ఏళ్లపాటు పరీక్షించి, ఇది పనిచేస్తుందని చెప్పిన పద్ధతి. 'మరి అమెరికాలో వేరు చేస్తే నష్టం జరిగింది, ఇక్కడ లాభం జరిగిందంటున్నావేంటి' అని అడగొచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ వేరు చేసేది గంటసేపే, కొన్నాళ్లే. మిగతా రోజంతా పిల్లలు తమ క్లాసులోనే ఉంటారు. అక్కడ మాత్రం మనిషినే ఏడాదిపాటు గుమ్మం బయట నిలబెట్టారు.

అందుకే ర్యాంకులను బట్టి ఎ సెక్షన్, డి సెక్షన్ అని విడగొట్టే పద్ధతి నాకు ఒంటికి పడదు. డి సెక్షన్‌కి కొత్తగా చేరిన లెక్చరర్‌ని పంపుతారు, మంచి సార్లు ఎ సెక్షన్‌కి వెళ్తారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలు కూడా తాము డి సెక్షనే అనుకోవడం మొదలుపెడతారు.

సరే, చేయాల్సిందేమిటి? మొదటి వారంలో మార్కుల్లేని, ఆప్షన్లు లేని ఒక గంట పరీక్ష. దాంట్లో మొత్తం మార్కు కాదు, ఏ టాపిక్‌లో ఎక్కడ ఆగారో చూడాలి. ఒకరికి ట్రిగనామెట్రీ, ఒకరికి మాట్రిసెస్, ఒకరికి కేవలం ఇంగ్లిష్. క్లాసు అందరికీ ఒకటే. వారానికి మూడు నాలుగు గంటలు మాత్రం ఎవరికి ఏ టాపిక్ కావాలో ఆ గుంపులో కూర్చుంటారు, అది వచ్చేశాక లేచి వెళ్లిపోతారు. ఆ గంట పాఠం ఆ వారం అసలు క్లాసులో నడిచే పాఠానికి ఆనుకుని ఉండాలి. పార్షియల్ డెరివేటివ్స్ మొదలయ్యే వారంలో మామూలు డెరివేటివ్స్ గట్టిపడాలి. లేటరల్ ఎంట్రీ వాళ్లకు సెకండియర్ మొదట్లో ఇదే. వీలైతే అదే లెక్చరర్ చెప్పాలి, లేదంటే ఆయన రాసిచ్చిన షీట్లతో మంచి మార్కులున్న సీనియర్లు చెప్పాలి.

'స్టాఫ్ ఎక్కడున్నారు' అన్నది మేనేజ్‌మెంట్ల జవాబు. ఫస్టియర్ లెక్కలు, ఇంగ్లిష్ చెప్పేవాళ్లకే జీతాలు తక్కువ, సెక్షన్లు ఎక్కువ అనేది నిజమే. 2018లో ఏఐసీటీఈ కూడా ఇంజినీరింగ్‌లో అధ్యాపక-విద్యార్థి నిష్పత్తిని 1:15 నుంచి 1:20కి సడలించింది. కౌన్సెలింగ్ ఆలస్యమై ఫస్ట్ సెమిస్టర్ కుదించుకుపోవడం ఇంకో తలనొప్పి. కానీ మూడు వారాల స్టూడెంట్ ఇండక్షన్ ప్రోగ్రామ్ అని ఏఐసీటీఈనే పెట్టిన కార్యక్రమం ఒకటుంది. చాలాచోట్ల అది జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ఒక మోటివేషనల్ స్పీకర్‌తో ముగుస్తుంది. ఆ మూడు వారాల్లో ఒక్క గంట ఆ పరీక్షకు దొరకదా? సీఆర్‌టీకి ఉన్న బడ్జెట్‌లో సగం ఫస్టియర్‌కి మళ్లించడానికి కొత్త జీవో అక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నది

కాలేజీ చేసేదాకా ఆగక్కర్లేదు. ఒక ఆదివారం ఫోన్ పక్కన పెట్టి ముప్పావు గంట కూర్చోండి. రెండు బీజీయ భిన్నాలు కలపడం, ఒక లాగ్ సమీకరణం, చెయిన్ రూల్ లెక్క ఒకటి, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ ఒకటి, రెండు వరసల మాట్రిక్స్‌కి ఇన్వర్స్, ఒక ఎక్స్‌పొనెన్షియల్ గ్రాఫ్ చేత్తో గీయడం. ఆప్షన్లు లేకుండా. ఎక్కడ ఆగారో అక్కడ గీత గీయండి. నేను చూసినంతలో చాలామంది ఆగేది కాలిక్యులస్ దగ్గర కాదు, దాని కింద ఉన్న ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా దగ్గర. మైనస్ గుర్తు బ్రాకెట్ లోపలికి తీసుకెళ్లడం దగ్గర. అది వారం రోజుల పని, సిగ్గుపడాల్సిన పని కాదు.

ఇంగ్లిష్‌కి మీ సొంత టెక్స్ట్‌బుక్‌లోనే ఒక పేజీ తీసుకోండి. చదివి, అందులో ఏముందో ఫ్రెండ్‌కి తెలుగులో చెప్పండి. చెప్పగలిగితే మీ సమస్య మాట్లాడటంలో ఉంది. చెప్పలేకపోతే చదవడంలో ఉంది. రెండింటికీ మందు వేరు. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు ఇది తేల్చుకోండి.

కోడింగ్ సంగతికొస్తే, నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. 'అన్నా, జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?' నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. ఒక లూప్ లోపల ఇంకో లూప్ ఉన్న పది లైన్ల ప్రోగ్రామ్ తీసుకుని, కంప్యూటర్ లేకుండా, ఒక్కో రౌండ్‌కి ఏ వేరియబుల్ విలువ ఎంతో కాగితం మీద రాయగలరా? రాయగలిగితే ఏ భాషైనా ఒకటే. లేకపోతే మూడో కోర్సు కొన్నా లాభం లేదు.

ఖాళీలు తెలిశాక పూడ్చడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. తెలుగులో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లిష్‌కి వెళ్లాలనుకుంటే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు పాతవైనా చాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. నేరుగా వాటితో మొదలుపెడితే భయపడతారు, వాటిని రెండో మెట్టుగా పెట్టుకోండి. కూర్చోవడానికి చోటు కావాలంటే, వేటపాలెం చుట్టుపక్కల వాళ్లకు సారస్వత నికేతనం ఉంది. 1918లో ఊరి యువకులు పెట్టుకున్న గ్రంథాలయం అది, 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య చదవలేని పిల్లలకు అంతకంటే ప్రశాంతమైన చోటు ఈ చుట్టుపక్కల నాకు తెలియదు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. లెక్క వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడే మనకు ఎంత వచ్చో తెలుస్తుంది.

కాలేజీని అడగడం కూడా మానకండి. దానికో దారి చెబుతాను. మీ కాలేజీకి న్యాక్ గుర్తింపు ఉంటే, వాళ్లు ఇచ్చిన సెల్ఫ్ స్టడీ రిపోర్టు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టి ఉండాలి. రెండో క్రైటీరియన్ బోధన గురించి. విద్యార్థుల స్థాయిని ఎలా అంచనా వేస్తున్నారు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్ల కోసం ఏం చేస్తున్నారు అని న్యాక్ చాలాకాలంగా కాలేజీల్ని అడుగుతూ వచ్చింది. దానికి మీ కాలేజీ ఏం రాసిందో చదవండి. 'బ్రిడ్జి కోర్సులు, రెమిడియల్ క్లాసులు, పీర్ లెర్నింగ్' అని అందంగా రాసి ఉండే అవకాశం బాగా ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసుకుని, అయిదారుగురు కలిసి హెచ్‌ఓడీ గారి దగ్గరికి వెళ్లి, 'సార్, ఈ క్లాసులు మాకు ఎప్పుడు సార్?' అని మర్యాదగా అడగండి. కాలేజీయే రాసిన మాటను కాలేజీని అడగడంలో గొడవేమీ లేదు. ఒక్కరే వెళ్తే 'నీకు రాకపోతే కాలేజీ ఏం చేస్తుంది' అంటారు. ఆరుగురు వెళ్తే టైమ్‌టేబుల్ తీస్తారు. క్లాసులో ముందుండే ఒకరిద్దర్ని కూడా తీసుకెళ్లండి, అప్పుడది తప్పినవాళ్ల మొరలా వినపడదు.

క్లాసు ఇస్తామంటే పేరు దగ్గర జాగ్రత్త. 'స్లో లెర్నర్స్ బ్యాచ్' అని నోటీసు బోర్డు మీద రోల్ నంబర్లు అంటిస్తే మూడో రోజుకి ఎవరూ రారు. 'ఎం-1 ప్రాక్టీస్ అవర్' అనమనండి, కావాల్సినవాళ్లెవరైనా రావచ్చు అనమనండి. ఇంకొకటి. ఆఖరి పీరియడ్ తర్వాత పెడతామంటే ఒప్పుకోకండి. కాలేజీ బస్సు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆటోలు మారుతూ చీకటి పడ్డాక ఇంటికి చేరాలంటే ముందు మానేసేది ఆడపిల్లలే, అదీ దూరపు ఊళ్ల వాళ్లు. లైబ్రరీ అవర్, స్పోర్ట్స్ అవర్ అని టైమ్‌టేబుల్‌లో ఖాళీగా పోయే గంటలు వారంలో రెండైనా ఉంటాయి. వాటిని చూపించి అడగండి.